దస్తీ ఫోటో

కెమెరా కంపెనీని బట్టి ఫోటోకి ఒక రంగు, ఒక కళ వస్తాయా అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు వాళ్ళని స్టూల్ మీద కూర్చోబెట్టి గంటసేపు వాయించేవాణ్ణి. చాయ్ కూడా నేనే తెప్పించేవాణ్ణి. కెనాన్ మనిషి మొహానికి నెత్తురు పట్టిస్తుందని, నికాన్ పసుపు పూస్తుందని, ఈ మాత్రం తెలియనివాడు ఫోటోగ్రాఫరే కాదని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. మొన్న ఒక అమ్మాయి వచ్చింది. పెళ్ళిళ్ళ ఫోటోలు మొదలుపెడుతుందట, ఏ కంపెనీ కెమెరాలో ఒంటి రంగు బాగా వస్తుందో చెప్పమంది. "నీకేది నచ్చితే గది కొనుక్కో బిడ్డా, నన్నడగకు" అని కసిరాను. పాపం, బిత్తరపోయి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న నేనెందుకు వినలేనో ఆమెకేం తెలుసు.

నా పేరు లక్ష్మీరాజం. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఒక సందులో, మెట్లెక్కి పైకి వస్తే మా స్టూడియో. మా స్టూడియో అని ఎందుకంటున్నానంటే అది నాదీ, భానుప్రసాద్‌దీ. ముప్పై నాలుగేళ్ళు కలిసి నడిపాం. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలని పదిహేను రోజులు మాట్లాడుకోలేదు. చివరికి చీటీలు వేస్తే వాడి పేరు వచ్చింది. భానురాజ్ ఫోటోస్. చీటీల్లో ఏదో మోసం చేశాడని నాకిప్పటికీ అనుమానమే.

ఇద్దరం మంథనిలో బుచ్చిరాములు సారు దగ్గర పని నేర్చుకున్నాం. మాది సాలె ఇల్లు. మా బాపు సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసేవాడు, చెవుల్లో ఆ చప్పుడు తప్ప ఇంకేం మిగలలేదు ఆయనకి. నన్ను ఆ చప్పుడు నుంచి తప్పించాలని మంథని పంపాడు. భానుగాడిది భూములున్న ఇల్లు. వాళ్ళ నాయన వీణ్ణి డాక్టర్ని చేద్దామనుకుంటే వీడు ఇంటర్ తప్పి, కాలేజీ ఎగ్గొట్టి సారు గదిలో ఎర్రబల్బు కింద తేలాడు. ఎర్ర వెలుతురులో, కాగితం మీద మెల్లగా ఒక మొహం పైకి తేలుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. చేతులకి మందునీళ్ళ వాసన. అన్నం తింటున్నా అదే వాసన. ఆ వాసన ఇప్పుడెక్కడైనా దొరికితే డబ్బులిచ్చి పీల్చుకుంటాను.

ఇద్దరికీ కలిపి ఒకే కెమెరా ఉండేది, పాత యాషికా. ఒక రోలులో ముప్పై ఆరు ఫోటోలు. వాడికి పద్దెనిమిది, నాకు పద్దెనిమిది. పొద్దున్నే గోదావరి ఇసుకలోకి పోయి, పడవల్నీ పడవవాళ్ళనీ తీసి, సాయంత్రం బస్సులో పెద్దపల్లి పోయి రంగు రోలు హైదరాబాద్‌కి పంపితే వారానికి కడిగి పంపేవాళ్ళు. ఆ వారమంతా మాకు నిద్రపట్టేది కాదు. కవరు చించగానే కొట్లాట మొదలు. కోనికా రోలు వరిచేనుని బాగా చూపిస్తుందని వాడు, కొడాక్ రోలు మనిషిని బాగా చూపిస్తుందని నేను. సారు ఇద్దరి నెత్తి మీదా ఒక్కటి మొట్టి, "రోళ్ళకు పైసలు మీ బాపులు ఇస్తున్నరారా? పోయి ట్రేలు కడుగుండ్రి" అని తరిమేవారు. నవ్వుకుంటూ పోయి కడిగేవాళ్ళం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత రోళ్ళు పోయాయి, డిజిటల్ వచ్చింది. ఇద్దరం ఒకే రోజు హైదరాబాద్ కోఠికి పోయి, ఒకే దుకాణంలో, నేను కెనాన్, వాడు నికాన్ కొన్నాం. దుకాణం మెట్లు దిగకముందే మొదలైంది.

"నీ నికాన్‌ల ఊరు ఊరంత బండారి పసుపు జల్లుకున్నట్టు కనవడ్తదిరా" అన్నాను.

"నీ కెనాన్‌ల అందరు కల్లు తాగినోళ్ళోలె ఎర్రగ కనవడ్తరు గదా, దానికేమంటవ్?" అన్నాడు వాడు.

ఈ రెండు మాటలనే పదహారేళ్ళు తిప్పి తిప్పి అనుకున్నాం. గిరాకీకి వచ్చినవాళ్ళనల్లా పంచాయితీ చెప్పమనేవాళ్ళం. వాడి భార్య వందన ముందు ఒకసారి రెండు కెమెరాల్లో తీసిన ఒకే గులాబీ పువ్వు ఫోటోలు పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నాం. ఆమె అన్నం గిన్నె ఠప్పున కింద పెట్టి, "తిండి తింటరా, కెమెరాలు తింటరా?" అంది. వందన నన్ను అన్నా అంటుంది. నేను ఆమెని చెల్లె అంటాను. మా ఇద్దరి మధ్య నలిగిపోయింది పాపం ఆమే.

పెద్ద పెళ్ళిళ్ళకి రెండు కెమెరాలూ పోవాలి. పెళ్ళికొడుకు వైపు ఒకటి, పెళ్ళికూతురు వైపు ఒకటి. ఆల్బంలో అవన్నీ పక్కపక్కనే రావాలి కాబట్టి రంగులు కలవాలి. ఒకసారి జైనూర్ దగ్గర ఒక పెళ్ళిలో ఎర్రటి టెంటు వేశారు. ఆల్బం చూస్తే ఒక పేజీలో పెళ్ళికూతురు ఒక రంగు, ఇంకో పేజీలో ఇంకో రంగు. వాళ్ళు మమ్మల్ని కొట్టకుండా వదిలిపెట్టడమే ఎక్కువ. అప్పుడు భానుగాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. దాన్ని మేం దస్తీ ఫోటో అనేవాళ్ళం.

పెళ్ళి మొదలయ్యే ముందు ఒకడు మొహం పక్కన తెల్లటి దస్తీ, అంటే చేతిరుమాలు, పట్టుకుని నిలబడాలి. రెండోవాడు ఒక ఫోటో తీయాలి. తర్వాత కంప్యూటర్లో ఆ దస్తీ తెల్లగా కనిపించేటట్టు చేస్తే మిగతా రంగులన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చినట్టు లెక్క. అదే లెక్క ఆ పెళ్ళి ఫోటోలన్నిటికీ. ఎవరి కెమెరాకి వాళ్ళే నిలబడాలని, రెండోవాడే నొక్కాలని షరతు పెట్టుకున్నాం. ఎందుకంటే నా కెనాన్ని నేనే నొక్కి రంగు బాగుందంటే వాడు నమ్మడు, వాడి నికాన్ని వాడు నొక్కితే నేను నమ్మను. అందుకని నికాన్ ముందు ఎప్పుడూ వాడు, కెనాన్ ముందు ఎప్పుడూ నేను. పెళ్ళివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. దిష్టి తీసుకుంటున్నారా అని ఒక ముసలామె అడిగింది కూడా.

కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే. ఇక్కడ నా పొగరు గురించి చెప్పాలి. దస్తీని చూడాల్సిన చోట నేను దస్తీని చూసేవాణ్ణి కాదు, మొహాన్ని చూసేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మొహం, భానుగాడి రంగేమిటో నాకు తెలియదా, గుడ్డముక్క చూసి తెలుసుకోవాలా అనుకునేవాణ్ణి. మొహం సరిగ్గా వచ్చేదాకా రంగులు తిప్పి, ఇక అయిపోయింది అనేవాణ్ణి. అన్నేళ్ళూ అలాగే నడిచింది.

కిందటేడాది మాఘమాసంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మొదటిది శ్రీరాంపూర్‌లో, బొగ్గుబావిలో పనిచేసేవాళ్ళ ఇంట్లో. వచ్చి కంప్యూటర్లో వేస్తే దస్తీ ఫోటోలో భానుగాడి మొహం పచ్చగా ఉంది. నాకు పండగే. వాణ్ణి పిలిచి మరీ చూపించాను.

"సూడు బే, నీ నికాన్ సంగతి. పెండ్లిపిల్లకు పెట్టాల్సిన పసుపంత నీకే పెట్టింది."

వాడు వంగి చూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "లైటింగ్‌రా అది. నువ్వు నొక్కినవ్ గద, చేతగాక గట్ల వచ్చింది" అన్నాడు.

నేను పసుపు తగ్గించాను. భానుగాడి మొహం మామూలు చామనచాయకి వచ్చింది. ఆ లెక్కే నికాన్ ఫోటోలన్నిటికీ వేశాను. పది రోజులకి పెళ్ళికూతురు తల్లి ఫోన్ చేసింది. "ఏమయ్యా ఫోటోలాయనా, కొన్ని ఫోటోలల్ల మా పిల్ల మొఖం నీలంగ కొడ్తున్నదేంది? సలికి బిగుసుకపోయినట్టున్నది" అని తిట్టింది. మళ్ళీ కూర్చుని, ఒక్కో ఫోటో విడివిడిగా దిద్ది పంపాను. నికాన్ కంపెనీని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ దిక్కుమాలిన కెమెరాకి ఒక నిలకడ లేదు, మగవాళ్ళకి ఒక రంగు, ఆడవాళ్ళకి ఒక రంగు చూపిస్తుందని నలుగురి ముందూ వాణ్ణి ఆడిపోసుకున్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వులో కాస్త నీరసం ఉంది. నాకు అది కనిపించింది, కానీ ఓడిపోయాడు కదా అందుకని అనుకున్నాను.

తర్వాత మంథనిలో పెళ్ళి. ఇంకాస్త పచ్చగా వచ్చాడు. శివరాత్రి తర్వాత జైనూర్‌లో. ఇంకా పచ్చ. నేను ఇంకా తగ్గించాను. ఈసారి ఎంత తగ్గించాల్సి వచ్చిందంటే, మొహం మామూలుగా అయ్యేసరికి పక్కనున్న దస్తీ లేతనీలం రంగుకి తిరిగింది. అది చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? వందన దస్తీలకి నీలిమందు ఎక్కువ పెడుతోందనుకున్నాను. మా చిన్నప్పుడు మా అవ్వ కూడా అంతే, బాపు ధోవతి నీలంగా మెరిసేదాకా పెట్టేది. అదే గుర్తొచ్చి నవ్వుకుని పని కానిచ్చాను. ఇంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

ఆ రెండు నెలల్లో వాడు చిక్కిపోయాడు. స్టూడియో మెట్లు ఎక్కడానికి మధ్యలో ఆగేవాడు. చేతులు గోక్కునేవాడు. అడిగితే చెమటకాయలన్నాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త రంధ్రం పెట్టుకుని, "మీ చెల్లె అన్నం తక్కువ పెడ్తున్నదిరా, జర చెప్పు" అన్నాడు. రోజూ ఎదురుగా కూర్చునే మనిషిని మనం సరిగ్గా చూడం. పైగా వాడికి ఎండకి నల్లబడే కళ్ళద్దాలు, దస్తీ ఫోటోకి తప్ప తీసేవాడు కాదు. నేను చూసిందల్లా తెర మీద వాడి ఫోటోనే. అందులో పసుపు కనిపిస్తే తుడిచేయడమే నా పని.

ఉగాది నాడు వాళ్ళింట్లో భోజనం. ఏటా అంతే. వందన బచ్చాలు, అవే బొబ్బట్లు, చేసింది. భాను ఒక్క బచ్చం సగం తిని పక్కకి నెట్టాడు. వేడివేడి బచ్చాలకి నెయ్యి పోయించుకుంటూ నేను ఊరుకోలేక నోరు తెరిచాను.

"చెల్లే, నీకొక మాట చెప్తె కోపం చెయ్యవు గద. గీయన దస్తీలకు నీలిమందు జర తక్కువెయ్యి. నా కంప్యూటర్ల అన్ని నీలంగనే కొడ్తున్నయి."

వందన గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నీలిమందా? నీలిమందు పెట్టుడు బందు జేసి ఎన్నేండ్లాయె అన్నా. మిషన్ కొన్నసంది అన్ని అండ్లనే ఏస్తున్న. ఒట్టి సబ్బుపొడి" అంది.

"మరి దస్తీ నీలంగెట్ల వస్తది?"

"నన్నడిగితె? కావాల్నంటె సూడు" అని, దండెం మీద ఆరేసిన దస్తీ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. తెల్లగా ఉంది. మడత విప్పి చూశాను. ఎక్కడా నీలం చాయ లేదు.

భానుగాడు నా ఎదురుగా కిటికీ పక్కన కూర్చున్నాడు. చారు ఆవిరి పట్టిందని కళ్ళద్దాలు తీసి అంగీతో తుడుచుకుంటున్నాడు. నేను ఏమనుకున్నానో నాకే తెలియదు. లేచి పోయి, ఎంగిలి చేత్తో కాకుండా ఎడమచేత్తో ఆ దస్తీని వాడి చెంప పక్కన పెట్టాను.

"ఏందిరా, ఇంట్ల గూడ దస్తీ ఫోటోనా? పండుగ పూట జర ఇడిసిపెట్టు" అని నవ్వాడు.

మధ్యాహ్నపు ఎండ సూటిగా వాడి మొహం మీద పడుతోంది. కెమెరా లేదు, కంప్యూటర్ లేదు. దస్తీ తెల్లగా ఉంది. వాడి మొహం పచ్చగా ఉంది. కళ్ళు అంతకంటే పచ్చగా ఉన్నాయి.

"భాను, నీ కండ్లు సూసుకున్నవారా?" అన్నాను.

"ఏ, ఎండకు" అన్నాడు వాడు. వందన గరిటె కింద పెట్టేసింది.

వాళ్ళింటి నుంచి నేను సీదా స్టూడియోకి పోయాను. దిద్దని ఫోటోలు ఎప్పుడూ వేరే దాచిపెడతాను, అదొక్కటే నా మంచి అలవాటు. మాఘం నుంచి ఉగాది దాకా ఆరు పెళ్ళిళ్ళు, ఆరు దస్తీ ఫోటోలు. ఆరింటినీ వరసగా పెట్టి చూశాను. ఆరింటిలోనూ దస్తీ తెల్లగానే ఉంది, పాలలాగా. మొహం మాత్రం ఒక్కో పెళ్ళికి ఒక్కో మెట్టు పచ్చబడుతూ వచ్చింది. నికాన్ ముందు ఎప్పుడూ వాడే, కెనాన్ ముందు ఎప్పుడూ నేనే. ఒక్కసారి మారి నిలబడి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది. వాడి ఒంట్లో ఉన్నదాన్ని నేను కంపెనీకి అంటగట్టి, రెండు నెలలపాటు నా చేతులతో నేనే తుడిచేశాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నిజంగానే కొట్టుకున్నాను, పక్క దుకాణంవాళ్ళు వచ్చి ఆపారు.

కరీంనగర్‌లో స్కానింగ్ చేసి, అక్కడి డాక్టరు ఏమీ తేల్చి చెప్పకుండా హైదరాబాద్ పొమ్మన్నాడు. కారెక్కే ముందు ఆ ఆరు ఫోటోలూ నా ఫోన్లో వేసుకున్నాను. చూపించే ధైర్యం ఉందో లేదో తెలియదు, అయినా వేసుకున్నాను.

హైదరాబాద్ డాక్టరు చిన్న వయసు ఆడమనిషి, మెల్లగా మాట్లాడుతుంది. వందన కాగితాలు తేవడానికి కిందికి పోయింది. గదిలో మేం ముగ్గురమే. పైత్యరసం దిగే దారిలో గడ్డ ఉందని, అది పెరిగిందని చెప్పి, "ఒళ్ళు పచ్చబడి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"తొమ్మిది పది రోజులైతది మేడం" అన్నాడు భాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వాడికి కూడా తెలియదు. కానీ డాక్టరుకి అబద్ధం చెప్తే వాడికే నష్టం కదా. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"తొమ్మిది వారాలు మేడం" అన్నాను.

ఆమె ఒక్కొక్క ఫోటో జరుపుతూ, తేదీలు చూస్తూ పోయింది. మొదటి దాని దగ్గరికి వెనక్కి వచ్చి ఆగింది. "దీంట్లోనే కళ్ళు పచ్చగా ఉన్నాయి కదండీ. ఎవరు తీశారు ఇవి?"

"నేనే."

"మరి చూడలేదా?"

"సూసిన మేడం" అన్నాను. "కెమెరాది అనుకున్న."

ఆమె ఫోన్ నా వైపు జరిపింది. నాకు సిగ్గేసింది. అప్పుడే వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని అడిగాను. "చెప్పలేనండీ. ఆపరేషన్‌కి వీలుండేదేమో. అప్పటికే వీలు లేకుండా ఉండేదేమో కూడా" అంది. నేను తలెత్తి భాను వైపు చూడలేకపోయాను. వాడు తిడతాడని, కాలర్ పట్టుకుంటాడని ఎదురుచూశాను. పట్టుకుంటే బాగుండని కూడా అనుకున్నాను.

వాడు గొంతు సవరించుకున్నాడు. "మేడం, మందులు రాసిన చీటీ మీదనే ఒక్క మాట రాసియ్యుండ్రి. నికాన్ తప్పేం లేదని. గీనికి చూపెట్టాలె" అన్నాడు.

డాక్టరుకి అర్థం కాలేదు. నేను అక్కడే, ఆ పరాయి మనిషి ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. "ఒప్పుకున్నరా, ఒప్పుకున్న. నీ కెమెరా ఉన్నది ఉన్నట్టే చూపెట్టింది" అన్నాను. వాడు నా భుజం మీద చెయ్యేసి, "గిప్పుడైతె ఒప్పుకున్నవ్" అన్నాడు. వాడి చెయ్యి ఎంత తేలికగా ఉందో అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చాక నడవలో ఆపి ఒక్కమాట చెప్పాడు. "వందనకు చెప్పకు రాజం. ఆమె నీ మీద కోపం పెట్టుకుంటది. నేను పోయినంక ఆమెకు అన్నంటె నువ్వొక్కనివే."

పైత్యం దిగడానికి గొట్టం వేశారు, మందులిచ్చారు. కొన్నాళ్ళు పచ్చదనం తగ్గింది, మాకు ఆశ పుట్టింది. మళ్ళీ వచ్చింది. వానాకాలమంతా నేను స్టూడియో మూసేసి వాళ్ళింట్లోనే కూర్చున్నాను. ఇద్దరం మంథని కబుర్లే చెప్పుకున్నాం. పడవలు, ఇసుక, ఎర్రబల్బు, సారు మొట్టికాయలు. సారు గొంతుని వాడు భలే అనుకరించేవాడు. ఎప్పుడో ఒక రోలంతా వెలుతురు తగిలి పాడైతే అది చేసింది తనేనని, నా మీదికి నెట్టాడని అప్పుడు బయటపెట్టాడు. నలభై ఏళ్ళు నేను మోసిన నింద అది. "నీ యవ్వ, గిన్నేండ్లు చెప్పలేదేందిరా" అంటే పక్కమీద దొర్లి దొర్లి నవ్వాడు. వందన లోపలి నుంచి వచ్చి మా ఇద్దర్నీ చూసి వెళ్ళిపోయింది.

శ్రావణంలో ఒక పొద్దున, కిటికీ పక్కన దిండుకి ఆనుకుని కూర్చుని, "ఒక ఫోటో తియ్యిరా. నా నికాన్‌తోని తియ్యి" అన్నాడు. తల దువ్వుకున్నాడు. తెల్లంగీ వేయించుకున్నాడు. నా చేతులు వణుకుతుంటే, "ఫికర్ జెయ్యకు, నేను కదుల్త లేను గద" అన్నాడు. నొక్కాను. "దీన్ని కంప్యూటర్ల పెట్టి ఆగం జెయ్యకు. ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి" అన్నాడు. అలాగే అన్నాను.

పెత్రమాస అమావాస్య ఇంకా పదిరోజులుందనగా పోయాడు.

దినాలకి ముందురోజు వందన నన్ను పిలిచి, "అన్నా, ఒక మంచి ఫోటో పెద్దగ చేపిచ్చి తే. ముందటి అర్రల పెట్టాలె" అంది. స్టూడియోలో కూర్చుని రోజంతా వెతికాను. వాడి ఫోటోలు కొన్నే ఉన్నాయి, ఫోటోగ్రాఫర్ని ఎవరు తీస్తారు? శ్రీరాంపూర్‌లో తీసినది నేను దిద్దినది ఉంది. అందులో వాడు నిండుగా, చామనచాయగా, రేపో మాపో కొట్లాటకి వచ్చేటట్టున్నాడు. పక్కనున్న దస్తీ కత్తిరించేస్తే గోడకి చక్కగా ఉంటుంది. రెండోది శ్రావణంలో తీసినది. ముట్టుకోనని మాటిచ్చినది. చెంపలు లోపలికి పోయి, పచ్చగా, కళ్ళు మాత్రం నవ్వుతూ. మాట తప్పలేను, అలాంటి ఫోటో ఆమె చేతికీ ఇవ్వలేను. రెండూ ఫ్రేములు కట్టించి తీసుకుపోయాను. మంచిది పైన, అది కింద.

ముందటి అర్రలో చుట్టాలు కూర్చున్నారు. వందన నన్ను లోపలికి తీసుకుపోయి చాప మీద కూర్చుంది. పైదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"గిదెప్పటిది అన్నా?"

"మొన్న మాఘంలది."

"కాదు" అంది. "మాఘంల గిట్ల లేకుండె ఆయన."

ఆమె రెండో ఫ్రేము తీసింది. అద్దం మీద చెయ్యి పెట్టింది. అక్కడే పెట్టి ఉంచింది. ఇక నేను దాచలేకపోయాను. వాడికిచ్చిన మాట ఏమైతే అయిందనుకున్నాను.

"చెల్లే, నువ్వు నన్ను ఎల్లగొట్టినా సరే, ఒకటి చెప్పాలె" అన్నాను. "మాఘంలనే పచ్చబడ్డడు. దస్తీ ఫోటోలల్ల కనవడ్డది. నేను నికాన్ రంగు అనుకున్న. ఆరు ఫోటోలల్ల నేనే తుడిసేసిన. ఒక్కనాడు గూడ మనిషి దిక్కు సూడలే."

ఆమె తలెత్తలేదు. బయట ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది. నేను లేచి పోదామనుకున్నాను.

"కూసో అన్నా" అంది. "నాకు గూడ కనవడ్డది. నెత్తికి నూనె రాస్తుంటె మెడ పచ్చగ కనవడ్డది. ఏందిది అంటె బల్బు ఎలుగు అన్నడు. నిజమే కావచ్చనుకున్న. ఎవ్వరికి చెప్పలే. పచ్చ కనవడొద్దని తెల్ల లైట్ తెచ్చి ఏపిచ్చిన."

పైకి చూశాను. దూలానికి కొత్త ట్యూబ్‌లైటు ఉంది. ఇన్ని నెలలు దాని కింద కూర్చున్నాను.

"నువ్వు ఫోటోలనే సూసినవన్నా" అంది వందన. "నేను మనిషిల సూసిన."

ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, మాఘం ఫోటోని గోడవైపు తిప్పి పెట్టి, రెండోదాన్ని రెండు చేతులా పట్టుకుని లేచింది. ముందటి అర్రలో ఏ గోడకి పెడదామని అడిగింది. కిటికీ ఎదురుగా పెడదామన్నాను, అక్కడ వెలుతురు బాగా పడుతుంది.